కెర్నెల్ నోరు విప్పితే

పోయిన వారం పిచ్చుకను మనం తొమ్మిదో అంతస్తులో, మీటింగు గది గుమ్మం బయట వదిలి వచ్చాం. డైరెక్టరు ఆమెకు సాయంత్రం దాకా గడువిచ్చాడు. లిఫ్టులను నడిపే కంప్యూటరు పెట్టె కోసం వాళ్ళ కంపెనీ తయారు చేసిన కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది. ఒక పెద్ద ఆసుపత్రి దాని కోసం కాచుకుని కూర్చుంది. అది గడప దాటాలంటే ఇద్దరు 'సరే' అనాలి. ఆమె పైనున్న పెద్ద ఇంజనీరు, అందరూ మాస్టారు అని పిలిచే ఆయన, అనేశారు. మిగిలింది పిచ్చుక.

ఆమె అనలేకపోవడానికి కారణం ఒకే ఒక్క వాక్యం. కంప్యూటర్లో అన్నిటికన్నా అడుగున ఉండి, పైవాళ్ళెవరికీ కనపడకుండా చాకిరీ చేసే భాగాన్ని కెర్నెల్ అంటారు. లిఫ్టు కదిలినంతసేపూ పైనున్న చక్రం నుంచి టిక్కు టిక్కుమని సంకేతాలు వస్తూ ఉంటాయి. వాటిని లెక్కపెట్టుకుంటూ, లిఫ్టు ఇప్పుడు ఎక్కడుందో చెప్పడం ఈ పెట్టెలో కెర్నెల్ పని. ఎప్పుడైనా ఒక సంకేతం జారిపోతే అది నోరు మెదపకుండా ఒక అంచనా వేసి సరిపెట్టేస్తుంది. అలా సరిపెట్టిన ప్రతిసారీ ఒక హెచ్చరిక రాసిపెట్టమని పిచ్చుక దానికి నేర్పింది. ఆ హెచ్చరికను తీసెయ్యమన్నది పైవాళ్ళ మాట. వాళ్ళకూ ఒక కారణం ఉంది. కెర్నెల్ ఏ చిన్న హెచ్చరిక రాసినా లిఫ్టు ఎక్కడిదక్కడ ఆగిపోవాలని భద్రతా నియమం. హెచ్చరిక పెట్టినప్పటి నుంచి పరీక్షకు పెట్టిన లిఫ్టులన్నీ మాటిమాటికీ అలిగి కూర్చుంటున్నాయి.

మనిషి చిన్నది, నడక వేగం, ఒక్క చోట కుదురుగా ఉండదు. అందుకే ఆఫీసంతా కలిసి ఆమెకు పిచ్చుక అని పేరు పెట్టింది. ఆ పేరుతోనే పిలిచి, ఆ పేరుతోనే ప్రేమించి పెళ్ళి చేసుకున్న మనిషి అదే కంపెనీలో లిఫ్టులు బిగించే విభాగంలో ఉన్నాడు. ఇప్పుడు 'సరే' అనడానికి మనసు ఒప్పదు. 'కాదు' అంటే, అక్షరం అక్షరం పని నేర్పిన మాస్టారిని నలుగురిలో తప్పుపట్టినట్టవుతుంది. ఆయన రిటైరయ్యే రోజు దగ్గర్లోనే ఉంది. అడకత్తెరలో పోకచెక్క అని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది గానీ, దాని నొప్పేమిటో పిచ్చుకకు ఆ మధ్యాహ్నమే తెలిసింది.

పరీక్షల గది ఐదో అంతస్తులో ఉంది. ఇంకొక్కసారి అన్నీ చూసుకుని తేల్చుకుందామని ఆమె లిఫ్టు ఎక్కి ఐదు నొక్కింది. తలుపులు మూసుకోబోతుంటే మధ్యలోకి ఒక చెయ్యి వచ్చింది.

"నిన్ను ఒంటరిగా వదిలితే మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెడతావు," అంటూ మాస్టారు లోపలికి వచ్చారు. సన్నటి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు కళ్ళజోళ్ళుంటాయి, ఒకటి దగ్గరికి, ఒకటి దూరానికి. పిచ్చుకతో మాట్లాడేటప్పుడు ఏది పెట్టుకోవాలో తెలియక రెండూ తీసేస్తారు.

ఆయన వెనకే, "ఆపండాపండి!" అంటూ అకౌంట్స్ అత్తయ్య పరుగున వచ్చింది. ఆవిడ అక్కడ ఎవరికీ అత్తయ్య కాదు, అందరికీ అత్తయ్యే. చేతిలో బిస్కెట్ల డబ్బా, భుజానికి గొడుగంత పొడుగున్న సంచీ. లోపలికొచ్చి ఇద్దరి మొహాలూ చూసింది.

"ఇది లిఫ్టా, పోట్లాట గదా? మెట్లు దిగుదామంటే మోకాళ్ళు ఊరుకోవు. సరే, నేను లేననుకుని కానివ్వండి."

లిఫ్టు దిగడం మొదలైంది. తలుపు మీద అంకెలు ఎనిమిది, ఏడు, ఆరు అని మారాయి. ముగ్గురూ మూడు మూలలు చూస్తూ నిలబడ్డారు. ఐదు వచ్చింది. లిఫ్టు ఆగింది. తలుపులు మాత్రం తెరుచుకోలేదు. ఒక్క కుదుపు, ఆ తరువాత పైన ఫ్యాను నిలిచిపోయింది. లైటు సగమై, పాతబడిన కాగితం రంగుకు మారింది.

పిచ్చుక మనసులో లెక్క కట్టింది. ఈ భవనంలో లిఫ్టుకి కూడా పరీక్ష వెర్షనే పెట్టారు. అంటే సంకేతం ఒకటి జారింది. కెర్నెల్ హెచ్చరిక రాసింది. ఆ హెచ్చరిక ముగ్గురు మనుషుల్ని పెట్టెలో పెట్టి మూత వేసింది.

"నా వల్లేనండీ అత్తయ్యా," అంది. "నేను పెట్టిన హెచ్చరికే ఆపింది."

"నువ్వు పెట్టినదైతే నువ్వే తియ్యి మరి," అంది అత్తయ్య. నవ్వుతూనే అంది గానీ, సంచీ పట్టీని రెండు చేతులతో పట్టుకుంది.

పిచ్చుక గంట బొత్తాం నొక్కింది. కాసేపటికి గోడలోని స్పీకరు గరగరలాడింది. కింద కంట్రోలు గదిలో ఎవరో ఒకరు మీట నొక్కి పట్టుకుంటేనే అది పలుకుతుంది. పలికింది పిచ్చుక భర్త గొంతు.

"లోపలెవరు?"

"నేనే."

"నువ్వా! నిన్ను నువ్వే ఇరికించుకున్నావన్నమాట." ఆ గొంతులో నవ్వు వినగానే పిచ్చుకకు కొంచెం ఊపిరి వచ్చింది. "భయపడకు. మెకానిక్‌కి ఫోన్ చేశాను. దూరంగా ఎక్కడో ఉన్నాడు, గంట పట్టేలా ఉంది. పై మిషను గది తాళం కూడా అతని దగ్గరే ఉంది, మెయిన్ స్విచ్ ఆపడానికి లేదు. కానీ తలుపులు తెరిచే తాళంచెవి నా దగ్గరుంది. ఇంకెవరున్నారు?"

"మాస్టారు, అత్తయ్య."

"అత్తయ్యగారూ, బిస్కెట్లు నాకు రెండు ఉంచండి."

"ఊపిరి ఉంచుకుంటే చాల్లే నాయనా, త్వరగా రా!"

"ఇదుగో, బయల్దేరుతున్నా." స్పీకరు మూగబోయింది.

అత్తయ్య డబ్బా మీదే కూర్చుంది. మొహం మీద చెమట పట్టింది. కొంగుతో తుడుచుకుంటూ, "ఏదైనా మాట్లాడండమ్మా. నిశ్శబ్దంగా ఉంటే గోడలు దగ్గరికొస్తున్నట్టుంది. అసలు మీ పోట్లాటేమిటో నాకర్థమయ్యేట్టు చెప్పండి," అంది.

మాస్టారు గోడకు ఆనుకున్నారు.

"పోట్లాట ఏముందమ్మా. హెచ్చరిక ఎవరి కోసం రాస్తాం? చదివి, ఏదో ఒకటి చెయ్యగలిగిన వాడి కోసం. ఇంట్లో పాలు పొంగుతుంటే కేక వేస్తే అర్థముంది, పరిగెత్తి స్టవ్వు ఆపుతారు. పాలు పొంగి, మనమే ఆపేసి, తుడిచేశాక కూడా కేక వేస్తే? కెర్నెల్ తప్పు తనే దిద్దుకుంది. ఇక చదివేవాడు చేసేదేమీ లేదు. చేసేదేమీ లేని చోట రాసేది హెచ్చరిక కాదు, ఏడుపు."

"ఎన్నిసార్లు పొంగాయో ఇంట్లోవాళ్ళకి తెలియక్కర్లేదా మాస్టారూ?" అంది పిచ్చుక. "రోజూ పొంగుతుంటే స్టవ్వులో లోపముందని ఎవరికి తెలుస్తుంది? కెర్నెల్ దిద్దుకోలేదు, ఊహించుకుంది. ఊహ నిజమైతే సరే. కాకపోతే?"

"కాని రోజు చూద్దాం అని నేననలేదు. కానీ ప్రతి తుమ్ముకీ ఊరంతా లేపితే, నిజంగా ఇల్లు అంటుకున్న రోజు ఎవడూ లేవడు. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకొచ్చావు నువ్వు. ఇప్పుడు చూడు." ఆయన చేత్తో నాలుగు గోడలూ చూపించారు.

ఆ మాట పిచ్చుకకు సూటిగా తగిలింది. నిజమే కదా. అత్తయ్య ఊపిరి కొంచెం ఎగపోస్తోంది. అది తన వాక్యం చేసిన పనే కదా. ఏం జారిందో, ఎన్ని జారాయో చూద్దామని ఆమె తన సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసింది. బొత్తాల పలక కింద రిపేరు చేసేవాళ్ళు వైరు తగిలించుకునే చిన్న రంధ్రం ఉంటుంది. వైరు తగిలించి, మోకాళ్ళ మీద కూర్చుని, కెర్నెల్ రాసుకున్న వరుసలు తెరిచింది.

చివరి వరుస పొద్దుటిది. లిఫ్టు ఆన్ అయ్యిందని. అంతే. ఆ కింద ఏమీ లేదు.

పిచ్చుక మళ్ళీ తెరిచింది. మళ్ళీ అదే.

"మాస్టారూ, ఏమీ రాయలేదు."

ఆయన తలుపు మీద అంకె వైపు తిరిగారు.

"సంకేతం జారితే నా వాక్యం ఉండాలి కదా. జారకపోతే లిఫ్టు ఆగకూడదు కదా. ఆగింది, కానీ వాక్యం లేదు. ఎలా?" ఆమె కెర్నెల్‌లో తను రాసిన చోటు వెతికింది. ఆ చోట తన వాక్యం లేదు. సంకేతం జారితే అంచనా వేసే పని ఉంది, లెక్క సరిచేసే పని ఉంది, వాటి మధ్య తను పెట్టిన ఆ ఒక్క వాక్యం పన్ను ఊడిన చోటులా ఖాళీగా ఉంది.

ఆమె తలెత్తి చూసింది. మాస్టారు రెండు కళ్ళజోళ్ళూ తీసి చేతిలో పట్టుకున్నారు.

"నేనే తీసేశానమ్మా."

"ఎప్పుడు?"

"ఈ వారం మొదట్లో."

"నాకు చెప్పకుండా?"

"చెప్తే ఒప్పుకునేదానివా?"

అత్తయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీరే కదండీ నేర్పింది," అంది పిచ్చుక. "ఒకరు రాసింది ఇంకొకరు తీసేటప్పుడు మొహమ్మీద చెప్పి తియ్యాలని మీరే కదా. మీటింగులో అందరి ముందూ నన్ను కూర్చోబెట్టి 'ఒప్పుకుంటావా లేదా' అని అడిగారు. అప్పటికే తీసేసిన దానికి నా ఒప్పుదలా? నేనేమన్నా బొమ్మనా?"

"కోప్పడు. నీ హక్కు," అన్నారు మాస్టారు మెల్లగా. "కానీ ఒకటి విను. పోయిన నెల పరీక్షకి పెట్టిన లిఫ్టు ఒకటి కిడ్నీ రోగుల క్లినిక్కులో ఆగిపోయింది, గుర్తుందా? నువ్వు కాగితం మీద చదివావు. నేను అక్కడికి వెళ్ళాను. రక్తం శుద్ధి చేయించుకుని ఇంటికి పోతున్న ముసలాయన లోపల ఇరుక్కున్నాడు. తలుపు తీసేసరికి నేల మీద పడుకుని ఉన్నాడు. ప్యాంటు తడిసిపోయింది. ఆయన నన్ను తిట్టలేదమ్మాయ్. 'మా అమ్మాయి బయట ఉంది, ఇలా చూడనివ్వకండి' అన్నాడు. నా తువ్వాలు కప్పి తీసుకొచ్చాను. ఆ లిఫ్టు ఎందుకు ఆగిందో తర్వాత చూశాను. ఒక్క సంకేతం. ఒకే ఒక్కటి జారింది. కెర్నెల్ సరిగ్గానే అంచనా వేసింది. లిఫ్టు ఉండాల్సిన చోటే ఉంది. నీ వాక్యం లేకపోతే ఆయన హాయిగా ఇంటికి వెళ్ళేవాడు."

పిచ్చుకకు కోపం తగ్గలేదు, కానీ అది నిలబడ్డ చోటు కదిలింది. ఆ ముసలాయన సంగతి ఆమె చదివిన కాగితంలో 'ఒక ప్రయాణికుడికి అసౌకర్యం' అని మాత్రమే ఉంది.

"అలాగైతే ఒకటి జారినప్పుడు ఊరుకుని, పోగుపడితే చెప్పమనొచ్చుగా," అంది చివరికి. "దగ్గర్లో ఉన్న అంతస్తుకి వెళ్ళి తలుపు తెరిచి, మనుషుల్ని దింపి, అప్పుడు ఆగమనొచ్చుగా. ఉంచాలా తియ్యాలా అని ఇన్నాళ్ళు కొట్టుకున్నాం. ఈ మాట మనిద్దరిలో ఒక్కరికీ ఎందుకు తట్టలేదు?"

"ఎవరి మాట వాళ్ళం నెగ్గించుకోవాలనుకున్నాం కాబట్టి," అన్నారు మాస్టారు.

"అమ్మాయ్," అంది అత్తయ్య. "మీ ఇద్దరూ రాజీపడ్డం మంచిదే. ఇంతకీ, హెచ్చరిక లేకపోతే మనం ఎందుకు ఆగాం?"

ఆ ప్రశ్న లిఫ్టులో ముగ్గురి మధ్యా నిలబడింది.

హెచ్చరిక ఆపలేదు. పెట్టె ఇంకా వరుసలు చూపిస్తోందంటే కరెంటూ పోలేదు. మరేది ఆపింది? పిచ్చుక ఆలోచన ఒక్కో మెట్టే దిగింది. కంప్యూటరుతో సంబంధం లేకుండా తలుపు దగ్గర ఒక విడి స్విచ్ ఉంటుంది. బయట నిజంగా అంతస్తు ఉంటేనే అది తలుపు తెరవనిస్తుంది. కంప్యూటరు ఐదు వచ్చిందని లిఫ్టును ఆపింది. స్విచ్ మాత్రం ఇక్కడ అంతస్తు లేదంది. ఇద్దరి మాటా కలవక లిఫ్టు నిలబడిపోయింది.

"ఇది ఐదు కాదు," అంది పిచ్చుక.

తలుపుల మధ్య సందులో వేళ్ళు దూర్చి లాగింది. మాస్టారు కూడా పట్టారు. బెత్తెడు సందు వచ్చింది. ఎదురుగా సిమెంటు గోడ. నూనె, దుమ్ము కలిసిన వాసన గుప్పుమంది. పిచ్చుక ఫోను లైటు వేసి పైకి చూసింది. ఆమె తల ఎత్తులో ఒక అంతస్తు గుమ్మం అంచు, దాని మీద మూసి ఉన్న తలుపు వెనక భాగం. కట్టినవాళ్ళు ఎర్ర రంగుతో దాని మీద అంకె వేశారు. మూడు.

ఐదు అనుకుంటున్న లిఫ్టు మూడుకి కూడా కిందున్నది. తొమ్మిది నుంచి దిగినంతసేపూ సంకేతాలు జారుతూనే ఉన్నాయి. కెర్నెల్ ఊహిస్తూనే ఉంది. ప్రతి ఊహా కొంచెం తక్కువే. ఏ ఒక్క ఊహా చెప్పుకోదగ్గంత తప్పు కాదు. అన్నీ కలిసి రెండంతస్తుల పైన అబద్ధమయ్యాయి.

"చూశారా మాస్టారూ," అనబోయింది. నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది.

తాళంచెవి పట్టుకుని తన భర్త మెట్లెక్కుతున్నాడు. ఏ అంతస్తుకి? కంట్రోలు గదిలో బోర్డు ఏ అంకె చూపిస్తే దానికి. బోర్డుకి ఆ అంకె అందించేది కెర్నెల్. ఐదో అంతస్తులో తలుపు తెరిస్తే అవతల లిఫ్టు ఉండదు. ఉన్నదల్లా చీకటి.

పిచ్చుక బొత్తాం నొక్కింది. మళ్ళీ నొక్కింది. స్పీకరు పలకలేదు. పలికేవాడు మెట్ల మీద ఉన్నాడు. ఫోనులో సిగ్నలు లేదు. ఆమె సందులో నోరు పెట్టి అతన్ని పిలిచింది. గొంతు పైకి పోయి, గోడలకు తగిలి, ముక్కలై కిందికే వచ్చింది.

"కొట్టండి! అందరం కొట్టండి!" అంది వెనక్కి తిరిగి.

మాస్టారు చేతుల్తో తలుపు బాదారు. అత్తయ్య లేచి, కూర్చున్న డబ్బా ఎత్తి గోడకేసి కొట్టడం మొదలుపెట్టింది. మూత ఊడి బిస్కెట్లు నేలంతా చిందాయి. ఆవిడ ఆగలేదు.

అంతలో పైనెక్కడో ఇనుము కీచుమంది. బావిలోకి వెలుతురు పడ్డట్టు, సందు బయట గోడ మీదికి పగటి వెలుగు జారింది. ఐదో అంతస్తు తలుపు తెరుచుకుంది. "అత్తయ్యగారూ, వచ్చేశా," అంటున్న గొంతు కూడా వినిపించింది.

"అడుగెయ్యకు!" పిచ్చుక ఒంట్లో ఉన్న బలమంతా ఆ కేకలో పోసింది. "లిఫ్టు అక్కడ లేదు! అడుగెయ్యకు!"

ఒక చప్పుడు. వాళ్ళ నెత్తి మీద లిఫ్టు కప్పు దద్దరిల్లింది. అత్తయ్య చెవులు మూసుకుని కూలబడింది. ఏదో కప్పు మీద దొర్లి, అంచు దాటి, గోడకు తగులుతూ కిందికి పోయింది.

తర్వాత ఏ శబ్దమూ లేదు. పిచ్చుక సందులో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. పేరు పెట్టి పిలవాలని ఉంది. పిలిస్తే పలకకపోతే? అందుకని పిలవలేదు. మాస్టారు ఆమె భుజం పట్టుకున్నారు.

"పిచ్చుకా..." పైనుంచి సన్నగా వచ్చింది. "టార్చిలైటు పడింది. నేను పడలేదు."

ఆమె అలాగే కింద కూర్చుంది. ఏడుపూ నవ్వూ కాని శబ్దమేదో బయటికొచ్చింది.

"ఒక కాలు గాల్లోకి పెట్టేశాను," అంటున్నాడతను. గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "నువ్వు అరవగానే తలుపు చట్రం దొరికింది. బోర్డు ఐదని చూపిస్తోందే! కెర్నెల్ చూసేది నువ్వే కదా, ఇంకేం చూసుకోవాలని నేరుగా వచ్చేశాను. మీరెక్కడున్నారు?"

"రెండుకీ మూడుకీ మధ్య."

"రెండా! ఉండు. సరిగ్గా వినపడట్లేదు, నేల మీద పడుకుని తల లోపలికి పెడతాను. ఇప్పుడు చెప్పు. మూడుకి వచ్చి తలుపు తియ్యనా?"

"తియ్యి. జాగ్రత్తగా. లిఫ్టుని మాత్రం ఎవర్నీ రీస్టార్ట్ చెయ్యనివ్వకు. అది ఎక్కడుందో దానికే తెలీదు. రీస్టార్ట్ చేస్తే తలుపు తెరిచుందా అని కూడా చూడకుండా, లెక్క మొదటి నుంచీ పెట్టుకోవడానికి పై కొస దాకా పోతుంది," అంది పిచ్చుక లేస్తూ. మాస్టారి వైపు తిరిగింది. గండం గడిచాక వచ్చే తేలిక ఆమె మొహంలోకి అప్పుడప్పుడే వస్తోంది. "మాస్టారూ, ఇంకేమీ వద్దు. సాయంత్రం డైరెక్టరు దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్దాం. పోగుపడితే హెచ్చరించేలా మార్చి, మళ్ళీ పరీక్షించి, అప్పుడు ఆసుపత్రికి పంపుదాం. మీరు తీసేశారన్న మాట నేను ఎక్కడా ఎత్తను."

మాస్టారి మొహంలోకి ఆ తేలిక రాలేదు. ఆయన కింద చిందిన బిస్కెట్ల వైపు చూస్తున్నారు.

"పొద్దున్నే పంపేశారమ్మా," అన్నారు.

"ఏమిటి?"

"ఆసుపత్రివాళ్ళు తొందరపెట్టారు. పిచ్చుక ఎలాగూ ఒప్పుకుంటుంది, నాది హామీ అని నేనే డైరెక్టరుకి మాటిచ్చాను. నీ 'సరే' సాయంత్రం కాగితం కోసం. ఆ వెర్షన్ పొద్దుటి నుంచీ ఆసుపత్రి లిఫ్టుల్లో నడుస్తోంది."

అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "రోగుల మంచాలు తోసుకుంటూ ఎక్కుతారు కదయ్యా అందులో," అంది.

పిచ్చుక సందు దగ్గరికి వెళ్ళి తల పైకెత్తింది.

"ఉన్నావా?"

"ఉన్నా. మూడుకి దిగబోతున్నా."

"వద్దు. మా సంగతి తర్వాత. ముందు ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. లిఫ్టులన్నీ ఇప్పుడే ఆపెయ్యమను. కారణం తర్వాత చెప్తానను."

అతను ఎందుకని అడగలేదు. కాసేపు అతని గొంతు వేరెవరితోనో మాట్లాడుతూ, దగ్గరవుతూ, దూరమవుతూ వినిపించింది. ముగ్గురూ పై వెలుగు వంక చూస్తూ నిలబడ్డారు. తిరిగి మాట్లాడినప్పుడు అతని గొంతులో విసుగు ఉంది.

"ఆపరట. ఆపరేషన్లకి మనుషుల్ని తీసుకెళ్తున్నారు, ఊరికే ఆపడం కుదరదంటున్నారు. ఏదైనా హెచ్చరిక వచ్చిందా అని అడుగుతున్నారు. వాళ్ళ బోర్డులో ఒక్కటి కూడా లేదట, అన్నీ శుభ్రంగా నడుస్తున్నాయట. నువ్వెవరని నన్నే అడుగుతున్నాడు. ఫోన్ పెట్టలేదు, లైన్లోనే ఉన్నాడు. ఏం చెప్పమంటావు?"

ఏం చెప్పాలి? చెప్పాల్సిన ఒక్క వాక్యం ఆ లిఫ్టుల్లో లేదు. లేదన్న సంగతి నమ్మించగలిగిన మనిషి ఒక్కరే. ఆ వెర్షన్ మంచిదని ఆసుపత్రికి పంపిన పత్రం మీద ఉన్నది ఆయన సంతకమే. ఆ మాట ఆయన బయటికి చెప్తే, ఇన్నేళ్ళ పేరు ఈ మధ్యాహ్నంతో సరి. పిచ్చుక ఆయన్ని అడగలేదు. అడిగితే, అడిగినందుకు చేసినట్టు అవుతుందని ఆమెకు అనిపించింది. తలుపు దగ్గర నుంచి ఒక్క అడుగు పక్కకు జరిగింది, అంతే.

మాస్టారు కళ్ళజోళ్ళు రెండూ జేబులో పెట్టుకున్నారు. సందు దగ్గరికి వచ్చి, గోడ మీద అరచెయ్యి ఆనించి, తరగతిలో వెనక బెంచీకి వినపడేలా గొంతెత్తారు.

"బాబూ, నేను మాస్టారిని. ఆ ఫోను లోపలికి చాపి పట్టుకో, అతను నా గొంతే వినాలి. మీ పత్రం మీద సంతకం నాది. మీ లిఫ్టులు తప్పు చెప్తున్నాయి. హెచ్చరిక రాకపోవడానికి కారణం తప్పు లేక కాదు, హెచ్చరించే మాట నేనే తీసేశాను. నేను, నా చేత్తో. పిచ్చుక వద్దంది. వింటున్నారా? మంచాలు ఎక్కించకండి. లిఫ్టులు ఆపండి."

పైనుంచి పిచ్చుక భర్త గొంతు, ఇంకా కిందికి వంగినట్టు, ఇంకా దగ్గరగా వచ్చింది. "మాస్టారూ, ఇంకొక్కసారి చెప్పమంటున్నాడు. వాళ్ళ పెద్ద డాక్టరుని పిలుస్తున్నాడు. ఫోను ఇంకొంచెం కిందికి పెడుతున్నా, ఉండండి. భుజాల దాకా లోపలికి వచ్చేశా."

సరిగ్గా అప్పుడే, ఇంతసేపూ మూగగా ఉన్న స్పీకరు గరగరలాడింది.

"లోపలున్నవాళ్ళు కంగారు పడకండి," అంది డైరెక్టరు గొంతు, చాలా హుషారుగా. "ఇక్కడ గదిలో ఎవరూ లేకపోతే నేనే వచ్చాను. బోర్డులో లోపమేమీ లేదు, అంతా బాగానే ఉంది. రీస్టార్ట్ చేసేశాను."

"వద్దు!" పిచ్చుక స్పీకరు మీద రెండు చేతులతో కొట్టింది. "ఆపండి! ఆపండి సార్!"

అటువైపు మీట వదిలేసినట్టు టక్కున శబ్దం. స్పీకరు మళ్ళీ మూగబోయింది. నెత్తి మీద ఫ్యాను తిరగడం మొదలైంది. లైటు తెల్లగా వెలిగింది. సందు బయట సిమెంటు గోడ మెల్లగా కదిలింది. ఎర్ర రంగు మూడు వాళ్ళ కళ్ళ ముందుకు వచ్చి, మోకాళ్ళ దగ్గరికి జారి, కిందికి వెళ్ళిపోయింది.

లిఫ్టు పైకి వెళ్తోంది.